తాడు చివర నిప్పు

పాప వాళ్లమ్మకు,

ఇక్కడ నేనూ, మీ నాన్నా, కింద టీకొట్టు అక్కా, మన వంటింటి గోడ మీది బల్లితో సహా అందరం క్షేమం. అక్కడ నువ్వూ, మీ అక్కగారూ, బావగారూ, అందరికంటే ముందు మన పాపా హాయిగా ఊపిరి పీల్చుకుంటూ ఉన్నారని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం చేరింది. జేబులో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని పోస్టాయన నవ్వాడు. మా ఆవిడకు నా చేతిరాతంటే మోజని చెప్పాను. ఫోను చేస్తే ఎందుకు ఎత్తడం లేదని పేరా పేరాకూ అడిగావు. ఆ సంగతి కిందికి వెళ్లేకొద్దీ నీకే తెలుస్తుంది. ముందు మిగతావాటికి జవాబు చెప్పనీ, లేకపోతే మాట దాటేశానని మీ అక్కగారి ముందు నన్ను కడిగేస్తావు.

తిండికి లోటు లేదు. వండేదీ నేనే, తినేదీ నేనే కాబట్టి ఎవరి మీదా ఫిర్యాదు లేదు. మీ నాన్నకు మాత్రం కొట్టు అక్క ఏదో ఒకటి మెత్తగా వండి పై గదికి పంపిస్తోంది. ఒకరోజు నా వంట తెచ్చిపెడితే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అల్లుడూ, కొలిమి దగ్గర పనిచేసిన చెయ్యని తెలుస్తోందయ్యా, ఏదీ మాడకుండా వదల్లేదు" అన్నారు. ఆ రోజు నుంచి అక్క వంటే ఖాయమైంది.

పాప గదికి సున్నం వేయమన్నావు. వేశాను. మొదటి పూత ఆరగానే పసుపు మరక మళ్లీ పైకి తేలింది. రెండో పూత వేస్తే అది కూడా తాగేసింది. మనం కాపురం పెట్టినప్పటి పొగ, అంతకుముందు ఆ గదిలోనే ఉన్న మీ నాన్న వదిలిన పొగ, అంతా ఆ గోడ లోపలే ఉందని మేస్త్రీ చెప్పాడు. నువ్వు క్యాలెండరు వేలాడదీసిన చోట మాత్రం తెల్లటి పలక ఒకటి మిగిలింది. ఆ గోడ అసలు రంగు అదని ఇన్నేళ్లకు తెలుసుకున్నాను. పాప మంచాన్ని ఆ పక్కకు జరిపాను.

పనులు ఉన్నాయి. రోడ్డుకు అవతల లేస్తున్న అపార్టుమెంట్లలో ఇంకో భవనం కిటికీల దాకా వచ్చింది. అద్దాన్ని రబ్బరు పిడితో పట్టి ఎత్తడం, చట్రంలో కూర్చోబెట్టడం, అంచుకు లప్పం రాయడం, రోజంతా అదే. సీసాల ఫ్యాక్టరీలో కరిగిన గాజును ఊది సీసాలు చేసినవాళ్లం, ఇప్పుడు ఎవరో చేసిన అద్దాలను ఎవరి ఇళ్లకో బిగించి, మా వేలిముద్రలు మేమే తుడిచి వస్తున్నాం. నడుము నొప్పి తగ్గింది, కాబట్టి నువ్వు పంపిన తైలం మీ నాన్న మోకాళ్లకు రాస్తున్నాను.

ఉత్తరం అడుగున పాప తన గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం రాసింది చూశావా? "నాన్నా, ఇప్పుడు మన కిటికీ తెరవొచ్చా?" అని. దానికి జవాబు చివర్లో రాస్తాను. బల్లికి తోక మళ్లీ వచ్చిందని దానికి చెప్పు. ఇక్కడి వరకు పాపకు చదివి వినిపించి, దాన్ని ఆడుకోవడానికి పంపించెయ్యి. ఇక్కడి నుంచి నువ్వొక్కదానివే చదువుకో.

పంపించేశావు కదా.

అందరం క్షేమమని మొదట్లో రాశాను. ఉత్తరమంటే అలా మొదలుపెట్టాలి కాబట్టి రాశాను. మీ నాన్న బాగాలేరు. నేనూ బాగాలేను. వరసగా చెప్పకపోతే నాకే అర్థం కాకుండా పోతోంది, కొంచెం ఓపిక పట్టు.

మన మెట్ల మీద పాప నీలంగా మారిపోయి, నువ్వు దాన్ని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తిన రోజు నాకు కళ్ల ముందే ఉంది. మందు పీల్పించడం ఒక్కటే చాలదు, ఈ పిల్ల పీల్చే గాలి మారాలి అని డాక్టరు చెప్పాడు. నువ్వు నా మొహం చూసి, పాప బట్టలు మూట కట్టావు. మీ అక్కగారి ఊరికి బస్సెక్కేటప్పుడు, "మీరు మానేసి, ఆ గది బాగుపడిందని చెప్పండి. మర్నాడే వస్తాం" అన్నావు. బస్సు మలుపు తిరగక ముందే జేబులోని సిగరెట్టు పెట్టె కాలవలో పారేశాను. మానేశాను. నెలల తరబడి మానేశాను. అందులో అబద్ధం లేదు.

ఒంటికి బాధగానే ఉండేది. చేతులు ఏం చేయాలో తెలియక ఊరికే చొక్కా గుండీలు లెక్కపెట్టేవి. లవంగాలు నమిలి నమిలి నాలుక మొద్దుబారింది. కానీ అది ఓర్చుకోగలిగిన బాధ. నన్ను పడగొట్టింది అది కాదు.

కొట్టు పక్కన మేకుకు వేలాడే తాడు గురించి ఆ వీధిలో పుట్టిన నీకు నేను చెప్పేదేముంది? అయినా చెబుతాను. మానేశాక నాకది మొదటిసారి చూసినట్టు కనిపించింది. ఫ్యాక్టరీ మూసిన రోజు, కొలిమి ఆర్పబోయే ముందు, పెద్దమేస్త్రీ అయిన మీ నాన్న ఒక తాడు కొసను దాని నోట్లో పెట్టి రాజేసి, అరచేతులు అడ్డుపెట్టుకుని వీధిలోకి తీసుకొచ్చారు. వెనక మేమందరం నడిచాం. అప్పటి నుంచి ఆ నిప్పు ఆరలేదు. తాడు పొట్టిదైతే ఇంకొకటి ముడివేసి దానికి ఎక్కిస్తాం. ఏ వారం ఏ ఇల్లు కాపలా కాయాలో వంతులు. మన వీధిలో ఎవరూ జేబులో అగ్గిపెట్టె పెట్టుకోరు. సిగరెట్టు ముట్టించాలంటే తాడు దగ్గరికి రావాలి, లేదా వెలిగించుకున్నవాడి సిగరెట్టు కొస నుంచి అంటించుకోవాలి. గీసి వెలిగించుకునేవాణ్ని అగ్గిపెట్టె మనిషి అంటాం. అంటే బయటివాడని. ఫ్యాక్టరీ సైరన్ మూగబోయి ఎన్నేళ్లయినా, అది మోగే వేళకే అందరం మెట్లు దిగుతాం. మనం సీసాల వీధి వాళ్లమని చెప్పుకోవడానికి ఆ తాడు తప్ప ఇంకేం మిగిలింది?

మానేసిన కొత్తలో ఆటపట్టించారు. చిమ్నీ సంగతి తెలుసుగా, ఆ పేరు నువ్వే పెట్టావు. "వదిన ఊరెళ్లినా వీడిని కొంగుకి కట్టేసి వెళ్లిందిరా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సాయంత్రాలు వాళ్ల మధ్యే కూర్చునేవాణ్ని, చేతిలో టీ గ్లాసుతో. టీ ఎంతసేపు తాగగలం? అది అయిపోగానే ఊరికే కూర్చుని వాళ్ల మొహాలు చూసేవాణ్ని. సిగరెట్టు ఉన్నవాళ్లు మాట మధ్యలో ఆగొచ్చు, పీల్చొచ్చు, వదలొచ్చు, ఎదుటివాడు ఎదురుచూస్తాడు. నేను ఆగితే మాట అయిపోయిందనుకునేవాళ్లు. కొన్నాళ్లకు నేను వస్తే గొంతులు తగ్గించేవాళ్లు. వెలివేయలేదు. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. అందుకే ఎవరితో పోట్లాడాలో తెలియలేదు.

రేపు ఏ భవనానికి ఎవరెవరు వెళ్లాలో ఆ తాడు దగ్గరే అనుకుంటారు. రెండుసార్లు నేను సంచి భుజానికి వేసుకుని దిగేసరికి వాళ్లు వెళ్లిపోయారు. చిమ్నీని అడిగితే నిజంగానే నొచ్చుకున్నాడు. "నువ్వు లేవు కదరా ఆ టైముకి! ఎవరుంటే వాళ్లతో అనేసుకున్నాం. ఈసారి గుర్తుపెట్టుకుంటాలే" అన్నాడు. నన్ను గుర్తుపెట్టుకోవాల్సిన మనిషిని చేశాడు. అదీ ఓర్చుకున్నాను. కానీ మన ఇంటి వంతు వచ్చిన వారం, మన తలుపు దాటి పక్కింటికి వెళ్లి తాడు అప్పగించారు. నేను గడపలోనే నిలబడి ఉన్నాను. "నీకెందుకురా ఇబ్బంది, మానేశావు కదా" అని మంచిగానే చెప్పారు. ఆ రోజు లోపలికి వచ్చి ఏడ్చాను. పాప పుట్టినప్పుడు ఏడ్చాను, మళ్లీ అప్పుడే.

ఇంకొకటి చెబుతాను, ఇది వింటే నీకు కోపం వస్తుంది. బొమ్మలు పట్టుకుని తిరిగే ఆరోగ్యం మేడమ్ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మీ వీధివాడే చెబితే మీ వాళ్లు వింటారు అని బతిమాలింది. అపార్టుమెంట్ల హాల్లో సభ. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. మన వీధి వాళ్లు వెనక వరసలో కూర్చున్నారు. ఆమె నల్లబడ్డ ఊపిరితిత్తుల బొమ్మ చూపించి, ఆ వీధిలో మానేసిన ఒకే ఒక్క మనిషి ఈయనే అని నన్ను నిలబెట్టింది. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. ఒకావిడ, చాలా మర్యాదగా, "అందరూ ఈయనలా మారితే మా బాల్కనీలోకి ఆ వాసన రాదు" అంది. ఆమె కిటికీకి అద్దం బిగించింది నేనే.

అప్పుడు చిమ్నీ లేచాడు. "మేడమ్, మా కొలిమి మూసేసిన రోజు మీరెవరూ బొమ్మలు పట్టుకుని రాలేదండీ. మా ఇళ్లలో పొయ్యి వెలగని నెలల్లోనూ రాలేదు. ఇప్పుడు మీ బాల్కనీలోకి పొగ వస్తోందని వచ్చారు. రండి, మంచిదే. కానీ మా ఊపిరితిత్తుల కోసం వచ్చామని మాత్రం చెప్పకండి" అన్నాడు. మన వాళ్లందరూ ఒక్కసారిగా లేచి బయటికి వెళ్లి, అక్కడ పొగ తాగరాదని రాసిన బోర్డు కిందే వరసగా నిలబడి ముట్టించుకున్నారు. ఎప్పుడో తగ్గించేసిన ముసలాళ్లు కూడా ముట్టించుకున్నారు. నేను హాల్లో వేదిక మీద మిగిలిపోయాను. మేడమ్ తప్పేమీ అనలేదు, ఆ బొమ్మ కూడా అబద్ధం కాదు. అయినా చెబుతున్నాను, ఆ క్షణంలో పొగ కోసం కాదు, ఆ బోర్డు కింద నిలబడటం కోసం నా ప్రాణం కొట్టుకుంది.

ఇదంతా దిగమింగాను. ఎందుకంటే నీ ముందు ఉత్తరంలో, బడి తెరిచే లోపు వస్తున్నాం అని రాశావు. నేను మానేశాను, గదికి సున్నం వేశాను. ఇక మిగిలింది తాడు ఒక్కటే. అది సరిగ్గా మన కిటికీ కింద వేలాడుతుంది. దాని పొగ, దాని చుట్టూ చేరే వాళ్లందరి పొగ, నేరుగా పాప మంచం మీదికే వస్తుంది. కొట్టుకు అటువైపు జరపమని అక్కను అడిగాను. "నాదేముంది తమ్ముడూ, మీ మామనడుగు" అంది. మీ నాన్నను అడిగాను. చాలాసేపు దగ్గారు. తర్వాత, "ఆ కిటికీ కిందే నా కూతురు పెరిగింది. దానికేమైంది? నా మనవరాలికి నా నిప్పు పడకుండా పోయిందా?" అన్నారు. కోపంగా కాదు. దెబ్బ తగిలినట్టు అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి.

ఒక మధ్యాహ్నం సన్నగా జల్లు మొదలైంది. అక్క భోజనానికి లోపలికి వెళ్లింది. వీధిలో ఎవరూ లేరు. తాడు ఒక్కటే ఉంది, పైన రేకు అడ్డం పెట్టి. నేను మెట్లు దిగి వెళ్లి, గ్లాసులు కడిగే బకెట్టులో దాని కొసను ముంచాను. చిన్న చప్పుడయింది, అంతే. ఒక్క నిమిషం ఎంత తేలికపడ్డానో చెప్పలేను. తలెత్తి మన కిటికీ వైపు చూశాను. పాప అక్కడ నిలబడి ఉన్నట్టే అనిపించింది.

అప్పుడు మెట్ల మీద అలికిడయింది. మీ నాన్న వస్తున్నారు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగుతూ, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ. చేతిలో గొడుగు ఉంది. ఆ గొడుగు తాడు కోసం. జల్లు పడుతోంది, తాడు తడిసిపోతుందేమోనని అన్ని మెట్లూ దిగి వస్తున్నారు. తన తల మీద పట్టుకోలేదు, చొక్కా అంతా తడిసిపోయింది.

నా చేతులు నా మాట వినలేదు. అద్దాలు కోసే కత్తితో తడిసిన కొస కోసేశాను. అక్క స్టవ్వు కోసం దాచుకున్న అగ్గిపెట్టె తీసి గీశాను. తాడు అంత సులువుగా రాజుకోదు, గాలికి పుల్ల ఆరిపోయింది. కొట్టు మీద తెరిచి ఉన్న పెట్టెలోంచి ఒక సిగరెట్టు తీసి నోట్లో పెట్టుకుని, ఇంకో పుల్లతో వెలిగించి, గుండె నిండా పీల్చి, ఆ ఎర్రటి కొసను తాడుకు ఆనించి పీల్చాను, ఊదాను, మళ్లీ పీల్చాను. తాడు అంటుకుంది. అగ్గిపెట్టె జేబులోకి తోసేసి తల ఎత్తేసరికి మీ నాన్న ఎదురుగా ఉన్నారు.

ఆయనకు కనిపించింది ఇది: అల్లుడు, నోట్లో సిగరెట్టు, చేతిలో తాడు.

ఆయన మొహం ఎలా వెలిగిందో నువ్వు చూసి ఉండాల్సింది. మన పెళ్లిలో కూడా అంత సంతోషం చూడలేదు నేను. "వచ్చేశావా అల్లుడూ!" అని గొడుగు నా మీదా తాడు మీదా పట్టారు. ఆ దగ్గులోనే వీధి వైపు తిరిగి, "ఒరేయ్, మనవాడు వచ్చాడ్రా!" అని కేకేశారు. తలుపులు తెరుచుకున్నాయి. ఆ సాయంత్రం చిమ్నీ నన్ను గట్టిగా కౌగిలించుకుని, "పై అంతస్తుల పని రేపే మొదలు. నువ్వు లేకపోతే అంత పెద్ద అద్దాలు ఎవడు పట్టుకుంటాడ్రా" అన్నాడు. అందరి నవ్వులూ నా మీదే. నా కొస నుంచి నలుగురు అంటించుకున్నారు. నాకు సిగ్గుగా ఉంది, దుఃఖంగా ఉంది, అన్నిటికంటే ఎక్కువగా ఇంటికి వచ్చినట్టుగా ఉంది. ఈ మాట నీకు రాయకూడదని ఎంతో అనుకున్నాను.

మర్నాడు కూడా తాగాను. ఇప్పుడు ముందుకంటే ఎక్కువే తాగుతున్నాను. అందుకే ఫోను ఎత్తడం లేదు. హలో అంటే చాలు, నీకు తెలిసిపోతుంది. పెళ్లయిన కొత్తలో నా గొంతు విని ఎన్ని తాగానో చెప్పేదానివి, గుర్తుందా? ఉత్తరానికి గొంతు ఉండదని ఇలా రాస్తున్నాను.

ఇక మీ నాన్న. ఆ రోజు జల్లులో తడిసిన తర్వాత మంచం దిగలేదు. డాక్టరును పైకే తీసుకొచ్చాను. ఆయన వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, నన్ను మెట్ల మీదికి పిలిచి, "ఇక ఊపిరి పనిచేసే చోటు పెద్దగా మిగల్లేదు, దగ్గరివాళ్లకు కబురు చేయండి" అన్నాడు. ఆయన పడిపోవడానికి ఆ గొడుగు కారణమైతే, ఆ గొడుగుకు నేను కారణం కాకపోయినా, ఆయన దిగివచ్చేసరికి అక్కడున్నది నేనే. ఎటు తిప్పి చూసినా తప్పు నాదేననిపిస్తోంది.

ఇప్పుడు ఆయన దిగలేరు కాబట్టి, సైరన్ వేళకు నిప్పు ఆయన దగ్గరికి వెళ్లాలి. తీసుకెళ్లేది నేనే. తాడు దగ్గర ఒకటి ముట్టించి, ఆరిపోకుండా మెట్లన్నీ పీలుస్తూ ఎక్కి, ఆయన వేళ్ల మధ్య పెడతాను. ఆయన పీల్చలేరు. పట్టుకుని పొగ వైపు చూస్తూ పడుకుంటారు. పాప నీలంగా మారిన ఆ మెట్ల మీదే రోజూ పొగ వదులుతూ ఎక్కుతున్నాను.

మొన్న ఉండబట్టలేక చెప్పేశాను. "మామయ్యా, ఆ నిప్పు నేను ఆర్పేశాను. ఇప్పుడున్నది అగ్గిపుల్లది" అని. కాళ్లు పట్టుకున్నాను. ఆయన ఉలిక్కిపడలేదు. దగ్గు ఆగేదాకా ఆగి, నవ్వారు.

"ఏ నిప్పయ్యా? కొలిమి నిప్పు మొదటి వానలకే ఆరిపోయింది. నేనే గీసి వెలిగించాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆరిందో నాకూ గుర్తులేదు. కొట్టు పిల్లకి తెలుసు."

"మరి ఇన్నేళ్లు ఎందుకండీ?"

"వస్తున్నారు కదా" అన్నారు. "పని పోయాక ఎవడి ఇంట్లో వాడు తలుపేసుకుంటాడని భయపడ్డాను. వచ్చారు. రోజూ వచ్చారు. చాలదా?"

ఆ తాడు చుట్టూ కూర్చున్న వాళ్లలో ఎంతమంది దగ్గుతూ పోయారో, వాళ్ల పాడెలు మోసిన ఆయన పేర్లతో సహా చెప్పగలరు. వాళ్లందరూ అగ్గిపుల్ల నిప్పు దగ్గర కూర్చుని కొలిమి నిప్పనుకున్నారు. చెప్పేద్దామా మామయ్యా, ఇప్పుడైనా, అని అడిగాను. "చెబితే మానేస్తారనుకుంటున్నావా? ఎవడి అగ్గిపెట్టె వాడు కొనుక్కుంటాడు" అన్నారు.

ఈ నిజం తెలిశాక నాకు స్వేచ్ఛ వస్తుందనుకున్నాను. ఆ సాయంత్రం సైరన్ వేళకు నా కాళ్లు వాటంతట అవే మెట్లు దిగాయి. అది ఉత్త అగ్గిపుల్ల నిప్పని తెలిసి కూడా వంగి, అరచేతులు అడ్డుపెట్టుకుని, దాని నుంచే అంటించుకున్నాను. అప్పుడు అర్థమైంది నాకు ఇక దారి లేదని.

మీ బావగారు గోడౌన్లో పని చూశారని, నన్నే అక్కడికి వచ్చేయమని రాశావు. ఆయనకు నా దణ్ణాలు చెప్పు. మీ నాన్న ఉన్నంతకాలం రాలేనని నీకు తెలుసు. ఆ తర్వాత వస్తారు కదా అని అడుగుతావు. అందుకే ఈ చివరి మాట కూడా రాసేస్తున్నాను. నిన్న ఆయన నా చెయ్యి పట్టుకుని, "నా తర్వాత తాడు నువ్వు చూసుకో. ఆరితే గీసి వెలిగించు, ఎవరికీ చెప్పకు" అన్నారు. పాప గుర్తొచ్చింది. నువ్వు గుర్తొచ్చావు. పసుపు గోడలో ఆ తెల్ల పలక గుర్తొచ్చింది. కాదని చెప్పాలని నోరు తెరిచాను.

సరే అన్నాను.

పాపను తీసుకొస్తావా అని ఆయన పూటకోసారి అడుగుతున్నారు. వస్తుందనే చెబుతున్నాను. నువ్వు మాత్రం దాన్ని తీసుకురాకు. ఈ మెట్లు ఎక్కనివ్వకు. మీ నాన్నను చూసుకోవడానికి నువ్వొక్కదానివే వెంటనే బయలుదేరు, పాపను మీ అక్కగారి దగ్గర ఉంచి రా. దాని పుస్తకాలు, ఆ ఎర్ర గౌను మూట కట్టి పెట్టాను. పొగ వాసన పోవాలని మూడుసార్లు ఉతికాను, పోలేదు, అక్కడికి వెళ్లాక ఎండలో వెయ్యి. బడిలో దాన్ని అక్కడే చేర్పించమని మీ బావగారికి చెప్పు. నా మీద కోపం వస్తే తెచ్చుకో, ఈ మాట ఒక్కటి మాత్రం విను.

పాప అడిగినదానికి జవాబు రాస్తానన్నాను. ఇది దానికి చదివి వినిపించు.

అమ్మలూ, మన కిటికీ తెరవొద్దురా. దానికి మేకు కొట్టేశాను. మీ పెద్దమ్మ వాళ్లింట్లో కిటికీ తెరిచి పడుకో.

ఇట్లు,
పాప వాళ్ల నాన్న